పేర్లు గుర్తుకు రావట్లేదు.. రోజూ సుడోకు చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నా వయసు 62. ఖమ్మంలో ఉంటాం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా పేర్లు గుర్తుకు రావడం లేదు. పాత విద్యార్థి ఎదురొచ్చి నమస్కారం పెడితే మొహం తెలుస్తుంది, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఏదో తీసుకుందామని గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానా అని నిలబడిపోతున్నాను. మా అమ్మకు 75 దాటాక మతిమరుపు జబ్బు వచ్చింది. నాకూ అదే మొదలైందేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తాను, అయిదింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. పేపర్లో సుడోకు, మా అబ్బాయి ఫోన్లో వేసిచ్చిన బ్రెయిన్ గేమ్స్ రోజూ చేస్తున్నాను. టీవీ సౌండ్ మరీ పెంచేస్తున్నానని మా ఆవిడతో రోజూ గొడవ. జ్ఞాపకశక్తికి మంచి మాత్ర ఏదైనా ఉంటే చెప్పగలరు.
- ఓ రిటైర్డ్ లెక్చరర్

జవాబు: మాస్టారూ, ముందు మీ భయం సంగతి చూద్దాం. మొహం తెలిసి పేరు తట్టకపోవడం, గదిలోకి వెళ్లి వచ్చిన పని మర్చిపోవడం మీ వయసులో చాలామందికి ఉండేవే. మీ చేతికింద వేలమంది చదువుకుని ఉంటారు. ఆ పేర్లన్నీ పిలవగానే పలకాలంటే నలభై ఏళ్లప్పుడైనా కష్టమే. ఆ పేరు ఓ గంట తర్వాత, స్నానం చేస్తుంటేనో అన్నం తింటుంటేనో దానంతటదే గుర్తొస్తోందా? అయితే పేరు లోపల భద్రంగానే ఉందన్నమాట, బయటికి రావడమే ఆలస్యమవుతోంది. మేం కంగారుపడేది వేరే లక్షణాలకు. రోజూ వెళ్లే వీధిలో దారి తప్పడం, అడిగిందే పది నిమిషాలకోసారి అడగడం, ఎప్పుడూ తప్పని డబ్బు లెక్కలు తప్పడం, పొద్దున జరిగిన విషయం గుర్తుచేసినా అసలు జరగలేదనడం. ఇలాంటివి చాలాసార్లు ఇంట్లోవాళ్లే ముందు కనిపెడతారు. మీ ఉత్తరంలో అవేవీ లేవు. అమ్మగారికి 75 దాటాక వచ్చింది కాబట్టి మీకూ వచ్చి తీరుతుందని లేదు. రిస్క్ కొంత ఎక్కువ, అంతే.

ఇక మాత్ర. జ్ఞాపకశక్తి పెంచుతామంటూ అమ్మే సిరప్‌లకీ, మాత్రలకీ డబ్బు తగలేయకండి. ఆరోగ్యంగా ఉన్న మెదడుకు పదును పెడతాయని వాటిలో దేనికీ గట్టి రుజువు లేదు. నిజం చెప్పాలంటే, మీరు మాటవరసకు రాసిన విషయాల్లోనే అసలు వైద్యం ఉంది.

మొదటిది టీవీ సౌండ్. ఈ విషయంలో మీ శ్రీమతిగారి మాటే కరెక్టు అనుకుంటున్నాను. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, డిమెన్షియాకు (మీరు భయపడుతున్న మతిమరుపు జబ్బుకు) దారితీసే కారణాల్లో మన చేతుల్లో ఉన్నవి 14 అని తేల్చింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, వాయిదా వేయడమో చేయవచ్చని అంచనా వేసింది. వినికిడి తగ్గడం ఆ జాబితాలో పెద్ద కారణాల్లో ఒకటి. చెవి సగం మాటే అందిస్తే, మిగతా సగం ఊహించుకోవడానికే మెదడు శ్రమంతా అయిపోతుంది. విన్నది దాచుకోవడానికి ఓపిక మిగలదు. ఎదుటివాళ్లు తమ పేరు చెప్పినప్పుడు మీకు సరిగ్గా వినపడకపోతే, అది తర్వాత గుర్తుకు రావడం ఎలా? పైగా సరిగా వినపడనివారు పెళ్లిళ్లలో, నలుగురిలో ఓ మూల కూర్చుండిపోతారు, మాటలు తగ్గిస్తారు. అది ఇంకా చేటు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే మెదడుకు మేలా అని అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. అందర్నీ కలిపి చూస్తే మూడేళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అప్పటికే రిస్క్ ఎక్కువున్న పెద్దవాళ్లలో ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. అందుకే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని నామోషీ చెవి మిషన్‌కు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండోది నిద్ర. పన్నెండు నుంచి అయిదు అంటే అయిదు గంటలే. పగలు నేర్చుకున్నది, చూసింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన ఒకటుంది. 50, 60 ఏళ్ల వయసులో ఆరు గంటలు, అంతకంటే తక్కువ నిద్రపోయేవారికి తర్వాత డిమెన్షియా రిస్క్ సుమారు 30 శాతం ఎక్కువని అందులో తేలింది. ఫోన్‌ను హాల్లోనే చార్జింగ్‌కు పెట్టి, పదిన్నరకు పడుకోండి. గట్టిగా గురకపెడుతున్నారేమో, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందేమో ఇంట్లో అడగండి. అలా ఉంటే స్లీప్ టెస్ట్ తప్పనిసరి.

మూడోది మెట్‌ఫార్మిన్. మంచి మందే, అయితే ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది. శాకాహారులైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. బీ12 తక్కువైతే మతిమరుపు, నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు వస్తాయి. నయం చేయగల మతిమరుపుల్లో ఇదొకటి.

ఇప్పుడు సుడోకు. మానేయమనను, మీకు సరదాగా ఉంటే చేసుకోండి. కాకపోతే రోజూ సుడోకు చేసేవారు సుడోకులోనే ఆరితేరుతారు. దానివల్ల కూరగాయల లిస్టు గుర్తుండదు. తమ ఆటలు ఆడితే వయసుతో వచ్చే మతిమరుపు తగ్గుతుందని ప్రచారం చేసుకున్న బ్రెయిన్ గేమ్స్ కంపెనీ ఒకటి, ఆ మాటకు రుజువు చూపలేక 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

మెదడు మారేది చేతకాని పని నేర్చుకునేటప్పుడు. జర్మనీలో కొందరికి మూడు నెలలు మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్పి, ముందూ తర్వాతా స్కాన్ తీశారు. కదిలేవాటిని గమనించే మెదడు భాగం పెరిగింది. సాధన ఆపేశాక మళ్లీ తగ్గింది. 2004 నాటి మాట ఇది. 2008లో అదే ప్రయోగం 60 ఏళ్లవారితో చేశారు. కుర్రాళ్లంత బాగా బంతులు పట్టలేకపోయారు, అయినా మెదడులో మార్పు కనిపించింది. మీ వయసువారికి ఇంతకంటే మంచి కబురు ఏం కావాలి?

మరి మీరేం నేర్చుకోవాలి? మీరు ఫిజిక్స్ మాస్టారు కాబట్టి లెక్కల్లాంటివి వద్దు, అవి మీకు కొట్టినపిండి. వంట నేర్చుకోండి. నవ్వులాటకు అనడం లేదు. పులిహోరే తీసుకోండి. ఒక పొయ్యి మీద చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి, ఈలోగా అన్నం పలుకుగా వండి ఆరబెట్టాలి, పోపులో పల్లీలు వేగాక శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, చివర్లో కరివేపాకు, ఇంగువ. ఒకటి చేస్తూ ఇంకోటి మనసులో పెట్టుకోవడం, వాసన పసిగట్టి మంట తగ్గించడం, ఉప్పు వేశానా లేదా అని గుర్తుంచుకోవడం... మెదడు ముందుభాగానికి మంచి కసరత్తు. నెలకో కొత్త వంటకం పెట్టుకోండి. వచ్చేసిందే మళ్లీ మళ్లీ చేస్తే సుడోకుకూ దానికీ తేడా ఉండదు. వంట ససేమిరా అంటే హార్మోనియం నేర్చుకోండి, లేదా కొత్త భాష.

భాష అంటే మన దగ్గరి సంగతొకటి చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోనివారిలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే ఊళ్లో బయటపడిన విషయం కాబట్టి దీనికి అంత విలువ. అయితే అవి చిన్ననాటి నుంచి వాడిన భాషలు. అరవై దాటాక మొదలుపెడితే అన్నేళ్లూ కలిసొస్తాయని హామీ ఇవ్వలేను. నేర్చుకున్న భాషలో నలుగురితో మాట్లాడతారు చూడండి, నాకు కావలసింది అది. రిటైరయ్యాక మీకు తగ్గింది మనుషులతో మాటే అని నా అనుమానం.

నడక సంగతి. అమెరికాలో 55 నుంచి 80 ఏళ్లవారిని వారానికి మూడుసార్లు 40 నిమిషాలు చురుగ్గా నడిపించారు. ఏడాదికి వారి జ్ఞాపకాల కేంద్రమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది కాస్త తగ్గింది. మీరు ఆ మాత్రం నడవలేరా? తిండి గురించి పెద్దగా చెప్పను. ఆకుకూరలు, చేపలు, పప్పులు తినండి. బీపీ ఉంటే ఆవకాయ తగ్గించండి. సిగరెట్ అలవాటుంటే ఈరోజే మానేయండి.

మీ ఫిజీషియన్‌ను కలిసి బీ12, థైరాయిడ్, మూడు నెలల షుగర్ పరీక్ష, కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. నిద్రకూ జలుబుకూ మందుల షాపులో అడిగి మింగుతున్న మాత్రలుంటే అవీ చెప్పండి, కొన్నింటివల్ల మతిమరుపు వస్తుంది. ఆరునెలల్లో ఇబ్బంది పెరిగినా, నేను పైన చెప్పిన లక్షణాలు కనిపించినా న్యూరాలజిస్ట్ దగ్గర మెమరీ టెస్ట్ చేయించుకోవాలి. మాట హఠాత్తుగా తడబడినా, మూతి వంకరపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఒకవేళ బీ12 తక్కువని తేలితే మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపేయొద్దు. దాంతోపాటే బీ12 మాత్రలో, ఇంజెక్షన్లో మీ డాక్టరే రాసిస్తారు.