మూడు తెరలకు ఎంత కంప్యూటర్ కావాలి?

ప్రశ్న: పగలు లెక్కల పట్టికలు, ఉత్తరప్రత్యుత్తరాలు, సాయంత్రం నుంచి వేడుకల వీడియోల ఎడిటింగ్, ఈ రెండు పనులూ ఒకే కంప్యూటర్ మీద చేస్తాను. ఇప్పుడున్నది ఎనిమిదేళ్ల నాటిది. విడిభాగాలు ఎంచుకొని కొత్త డెస్క్‌టాప్ కూర్పించుకోవాలనుకుంటున్నాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు రెండు ఉన్నాయి కనుక, మధ్యకు ఇంకొకటి కొని మూడింటినీ కలిపి వాడాలని ఆలోచన. మూడు మానిటర్లంటే పెద్ద గేమింగ్ కార్డు తప్పదని ఒకరు, కార్డు సంగతి వదిలేసి ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ తీసుకోమని మరొకరు చెబుతున్నారు. నా కెమెరా 4కె వీడియోను హెచ్.265లో, 10 బిట్, 4:2:2గా రికార్డు చేస్తుంది. ఏ భాగంతో మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఉత్తరంలో చివరన, ఏదో అదనపు వివరంలా కెమెరా గురించి రాసిన వాక్యమే ఈ కంప్యూటర్‌లో ఏముండాలో చాలా వరకు నిర్ణయిస్తుంది. దాని దగ్గరకు వచ్చే ముందు మానిటర్ల గురించిన భయం తీర్చుకుందాం.

తెర మీద కనిపించే బొమ్మను పట్టి ఉంచడానికి గ్రాఫిక్స్ కార్డుకు పెద్ద శ్రమేమీ ఉండదు. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక పూర్తి బొమ్మకు పట్టే జాగా సుమారు 33 ఎంబీ. ఫుల్ హెచ్‌డీ తెరకైతే 8 ఎంబీ పైచిలుకు. మధ్యకు 4కె తెరే కొన్నారనుకుని మీ మూడు తెరలూ కలిపినా 50 ఎంబీకి అటూ ఇటూగా తేలుతుంది. వ్యవస్థ ఒక్కో బొమ్మకు రెండు మూడు నకళ్లు ఉంచుకుంటుందని లెక్కవేసుకున్నా, 8 జీబీ మెమరీ ఉన్న కార్డుకు అది ఒక మూలకు సరిపోయే భారమే. ఆటలు ఆడేటప్పుడు ప్రతి చుక్క రంగునూ క్షణక్షణం కొత్తగా లెక్కగట్టాలి కాబట్టి అక్కడ కార్డు బలం అవసరమవుతుంది. పట్టికలను, కిటికీలను చూపించడానికి ఆ బలంతో పనిలేదు.

మానిటర్ల విషయంలో కార్డు దగ్గర నిజంగా చూడవలసింది దాని వెనక ఉన్న పోర్టులు, అంటే మానిటర్ తీగలు తగిలించే చోట్లు. నేటి మధ్యస్థాయి కార్డుల్లో చాలా వాటికి మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి, నాలుగు తెరలను ఒకేసారి నడిపిస్తాయి. కొన్ని చిన్న కార్డులు ఇక్కడే మోసం చేస్తాయి. ఉదాహరణకు రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకు మామూలుగా రెండే పోర్టులుంటాయి. పైగా వీడియోను ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు దాన్ని కుదించి ఫైలుగా మార్చే ఎన్‌కోడర్ అనే భాగం వాటిలో అసలు లేదు. ఎడిటింగ్ కోసం కొనేవారు ఈ సంగతి తెలియక చిక్కుల్లో పడతారు. మీ పాత మానిటర్ల వెనక ఏ పోర్టులున్నాయో ఈరోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కార్డును ఎంచుకునే పని ఆ కాగితంతో మొదలవ్వాలి.

ఇక మీ కెమెరా ఫైళ్లు. హెచ్.264, హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతుల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఫైలులో ఉండదు. ముందూ వెనకా ఉన్న ఫ్రేములతో పోల్చి, మారిన భాగాన్ని మాత్రమే దాస్తారు. అందువల్ల టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ముక్కలు వరుసగా పేర్చే పట్టీ) మీద మీరు ఒక చోటికి దూకినప్పుడల్లా ఆ ఒక్క ఫ్రేమును చూపించడానికి చుట్టుపక్కల ఎన్నో ఫ్రేములను విప్పవలసి వస్తుంది. ఈ పనికి గ్రాఫిక్స్ చిప్పుల్లో ప్రత్యేకమైన డీకోడర్ భాగం ఉంటుంది. ఆ భాగానికి మీ ఫైలు రకం తెలిసి ఉంటే వీడియో నీళ్లలా సాగుతుంది. తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడి, ఎన్ని కోర్లున్నా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది.

10 బిట్ అంటే రంగుల ఛాయలు ఎక్కువగా ఉండే రికార్డింగు, 4:2:2 అంటే రంగుల వివరాన్ని మామూలు 4:2:0 కన్నా ఎక్కువగా ఉంచే పద్ధతి. 4:2:0 ఫైళ్లకు ఈ బెడద దాదాపు లేదు. 4:2:2కు ఉంది. ఎన్‌విడియా కార్డుల్లో దీన్ని హార్డ్‌వేర్‌లో విప్పే సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే మొదలైంది. అంతకు ముందరి ఆర్‌టీఎక్స్ 40 శ్రేణిలో ఎంత పెద్ద కార్డు తీసుకున్నా ఆ పని దానికి చేతకాదు. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన కోర్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్ మాత్రం 10 బిట్ 4:2:2 హెచ్.265ను సునాయాసంగా విప్పుతుంది. కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. లోపలి గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌కు ఒక మోస్తరు కార్డును జోడించడం ఒకటి, ఏ ప్రాసెసర్ అయినా ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డును జతచేయడం రెండోది. మీరు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ డీకోడర్‌ను వాడుకుంటుందో లేదో కూడా ముందుగా చూసుకోవాలి. నన్ను అడిగితే మొదటి దారే మేలంటాను, ఎందుకంటే కార్డు పాడైన రోజున కూడా మదర్‌బోర్డు పోర్టుల నుంచి తెర వెలుగుతుంది, పని ఆగదు. అయితే మీ కెమెరాలో హెచ్.264 10 బిట్ 4:2:2 ఎంపిక కూడా ఉంటే దాన్ని వాడకండి, 12 నుంచి 14వ తరం ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌కు ఆ రకం అందదు. ఇప్పటికే అలాంటి ఫైళ్లుంటే ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు తయారుచేసుకొని వాటి మీద ఎడిటింగ్ చేసి, చివరికి అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రాక్సీ వాడటాన్ని కొందరు చిన్నతనంగా భావిస్తారు కానీ, పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా అది నిత్యం జరిగే పనే.

కార్డు మెమరీ 8 జీబీ ఉంటే 4కె కోతలకు, మామూలు రంగుల దిద్దుబాటుకు సరిపోతుంది. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ (బొమ్మలోని గరుకుదనం) తగ్గించడం వంటి బరువైన పనులు తరచుగా ఉంటే 12 లేదా 16 జీబీ కార్డు చూడండి.

ర్యామ్ 32 జీబీ పెట్టించుకోండి, 16 జీబీవి రెండు స్టిక్కులుగా. డీడీఆర్5 ర్యామ్ నాలుగు స్టిక్కులు పెడితే వేగం తగ్గించి నడపవలసి వస్తుంది కాబట్టి, 64 జీబీ కావాలనుకుంటే 32 జీబీవి రెండు తీసుకోవడం మంచిది. కూర్పు అయ్యాక బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డు అమరికల్లో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేయించడం మరచిపోకండి, లేకపోతే డబ్బా మీద రాసిన వేగం మీకు దక్కదు.

డిస్కుల విషయంలో అవసరానికి మించి ఖర్చు చేసేవారే ఎక్కువ. మీ కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తుందనుకుంటే అది సెకనుకు 12.5 ఎంబీ మాత్రమే, నాలుగు కెమెరాల ఫుటేజీ ఒకేసారి నడిపినా 50 ఎంబీ. తీగతో కలిపే సాటా రకం ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్కు) సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది, బోర్డుకు నేరుగా తగిలించే నాలుగో తరం ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే దాదాపు 7,000 ఎంబీ. హార్డ్ డిస్క్ కూడా వరుసగా చదివితే 150 ఎంబీ దాటుతుంది కానీ, నాలుగు ఫైళ్ల మధ్య దాని తల అటూ ఇటూ పరుగెత్తవలసి రావడం వల్ల ఎడిటింగ్‌లో తడబడుతుంది. అందువల్ల ఐదో తరం ఎస్‌ఎస్‌డీ కోసం పెట్టే అదనపు ఖర్చు మీ పనిలో కంటికి కనిపించదు. వ్యవస్థకు, సాఫ్ట్‌వేర్‌కు 1 టీబీ ఎన్‌విఎంఈ ఒకటి, నడుస్తున్న పనులకు 2 టీబీది వేరొకటి, పూర్తయిన పనుల నిల్వకు పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి పెట్టుకోండి. వేడుక మళ్లీ జరగదు కాబట్టి అసలు ఫుటేజీ నకలు ఈ కంప్యూటర్ బయట ఇంకొక డిస్కులో ఉండి తీరాలి.

మదర్‌బోర్డు కొనేముందు దాని మాన్యువల్ ఒకసారి తిరగేయండి. కొన్ని బోర్డుల్లో ఎన్‌విఎంఈ డిస్కులు పెట్టే ఎం.2 గాడుల్లో రెండోదాన్ని వాడితే సాటా పోర్టులు ఒకటి రెండు పనిచేయడం మానేస్తాయి, ఆ మాట మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ (కరెంటును అన్ని భాగాలకూ అందించే పెట్టె) దగ్గర పొదుపు చేయకండి, పాత కంప్యూటర్‌లోది తీసి పెట్టకండి. ప్రాసెసర్ గట్టిగా పనిచేసేటప్పుడు 150 నుంచి 180 వాట్లు, ఒక మోస్తరు కార్డు సుమారు 180, మిగిలినవన్నీ ఒక 50, అన్నీ కలిపి 400 వాట్ల దరిదాపుల్లో ఉంటాయి. మంచి తయారీ 650 వాట్లది ఉంటే ఊపిరి తీసుకోవడానికి చోటు మిగులుతుంది. 80 ప్లస్ గోల్డ్ వంటి ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుందే తప్ప అది ఎన్ని వాట్లు ఇవ్వగలదో చెప్పదు. క్యాబినెట్‌కు ముందు వైపు గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటే చాలు, రంగుల దీపాలు మీ ఇష్టం.

మధ్యకు ఏ మానిటర్ అన్నది మిగిలింది. 27 అంగుళాల 4కె తెరలో అంగుళానికి 163 చుక్కలుంటాయి, మీ పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 92. 4కె తెరను 150 శాతం స్కేలింగ్‌లో (అక్షరాలు, కిటికీలు పెద్దవిగా చూపే అమరికలో), పక్కవాటిని 100 శాతంలో పెట్టినప్పుడు ఒక కిటికీని అటు నుంచి ఇటు లాగితే దాని పరిమాణం గభాలున మారి చిరాకు పుట్టిస్తుంది. వీడియోలను 4కెలోనే అప్పగించేవారు ఆ చిరాకును భరించక తప్పదు, ఎందుకంటే ఫ్రేమును చుక్కకు చుక్క సరిగ్గా చూడాలంటే 4కె తెరే ఉండాలి. మీరు అప్పగించేది ఫుల్ హెచ్‌డీ అయితే 27 అంగుళాల 1440పీ (2560 × 1440 చుక్కల) ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) తెర తీసుకోండి. దానిలో అంగుళానికి 109 చుక్కలే కాబట్టి పక్కవాటితో చక్కగా కలిసిపోతుంది. ఏది కొన్నా అది మీ ముఖానికి ఎదురుగా ఉండాలి. రెండు తెరల అంచులు కలిసే గీత ఎదురుగా వచ్చేలా కూర్చుంటే నాలుగు రోజుల్లో మెడ చెప్పేస్తుంది.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డుకు రెండు మానిటర్లు తగిలించి, మూడోదాన్ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి కలిపాను. ఏమీ కనిపించడం లేదు. బోర్డు పాడైందా? (ఒక పాఠకుడు)

జవాబు: ముందు ప్రాసెసర్ పేరు చివర చూడండి. అక్కడ ఎఫ్ అనే అక్షరం ఉంటే, ఉదాహరణకు కోర్ ఐ5 12400ఎఫ్, దానిలో లోపలి గ్రాఫిక్స్ లేదని అర్థం, బోర్డు మీది పోర్టు అలంకారానికే మిగిలింది. ఎఫ్ లేకపోతే బయాస్‌లోకి వెళ్లి లోపలి గ్రాఫిక్స్‌కు సంబంధించిన అమరికను వెతికి ఆన్ చేయండి. కార్డు పెట్టగానే చాలా బోర్డులు దాన్ని తమంతట తామే ఆపేస్తాయి. అసలు మీ కార్డుకు మూడో పోర్టు ఖాళీగా ఉందేమో చూసి, ఉంటే దాన్నే వాడుకోండి.

ప్రశ్న: కొత్త 4కె మానిటర్ మీద మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది. సెట్టింగుల్లో 30 హెర్ట్జ్ కన్నా పైకి వెళ్లనివ్వడం లేదు. (ఒక పాఠకుడు)

జవాబు: మీ తీగ గానీ, రెండు చివర్లలో ఏదో ఒక పోర్టు గానీ హెచ్‌డీఎంఐ 1.4 కాలం నాటిదై ఉంటుంది, దానికి 4కెలో 30 హెర్ట్జే గరిష్ఠం. 60 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి. రెండు వైపులా డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి. కార్డు వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉండే చిన్న మార్పిడి తీగలు ఒక దిశలోనే పనిచేస్తాయి, వాటిని తిప్పి పెడితే బొమ్మ రాదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా 30 దగ్గరే ఆగితే మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ ఎంచుకునే అమరిక పాతదాని మీద ఉందేమో చూడండి.

ప్రశ్న: నాలుగో తెరను యూఎస్‌బీ అడాప్టర్‌తో కలుపుకోవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: డిస్‌ప్లేలింక్ రకం అడాప్టర్లు బొమ్మను ప్రాసెసర్ చేత కుదించి యూఎస్‌బీ గుండా పంపుతాయి. ఉత్తరాలు, చాటింగ్, సంగీతం వంటి వాటిని ఉంచే తెరకు అది చాలు. ఎడిటింగ్ ప్రివ్యూను మాత్రం ఆ తెర మీద పెట్టకండి, ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్‌కు తీరిక ఉండదు, బొమ్మ వెనకబడుతుంది.