‘వైటాన్’ అని రాసిస్తే ఎంపిక మీదే అవుతుందా?

ప్రశ్న: జీడిమెట్లలో మాది ఇంటర్మీడియట్స్ (వేరే ఉత్పత్తుల తయారీకి వాడే మధ్యస్థ రసాయనాలు) చేసే చిన్న యూనిట్. రియాక్టర్ మ్యాన్‌హోల్‌కూ పంపులకూ లీకు ఆపే వైటాన్ రబ్బరు గ్యాస్కెట్లు, ఓ-రింగులు కావాలని ఒక సప్లయర్‌కు పీఓ (పర్చేజ్ ఆర్డర్) ఇచ్చాం. అందులో ‘వైటాన్’ అనీ సైజులూ తప్ప ఇంకేమీ లేదు. దానికి ముందు వాట్సాప్‌లో ‘అసిటోన్, 50 డిగ్రీలు, పనికొస్తుందా?’ అని అడిగితే ‘వైటాన్ అన్ని కెమికల్స్‌నీ తట్టుకుంటుంది సార్’ అన్నారు. మొదటి బ్యాచ్‌లోనే మ్యాన్‌హోల్ గ్యాస్కెట్ ఉబ్బి కొంత సాల్వెంట్ లీకైంది. బోల్టులు బిగించి రెండో బ్యాచ్ వేశాం. ఈసారి గ్యాస్కెట్ బయటికి తన్నుకొచ్చి బ్యాచ్ మొత్తం పాడైంది, ఆపరేటర్ ఆవిరి పీల్చి పడిపోయి మూడు రోజులు పనికి రాలేదు. సరుకు అందిన ఇరవయ్యో రోజున ఫోటోలతో కంప్లయింట్ పెట్టాం. బిల్లు 4.6 లక్షలు ఆపేశాం, అందులో నీళ్ల లైన్ గ్యాస్కెట్లవి 1.1 లక్షలు, వాటితో ఇబ్బంది లేదు. ఇప్పుడు సప్లయర్ ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌లో (చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీల గొడవలు తేల్చే చోటు) కేసు వేశాడు. ‘వైటాన్ అడిగారు, వైటానే ఇచ్చాం’ అంటున్నాడు. మేం కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా? బ్యాచ్ నష్టం వస్తుందా?

జవాబు: డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ ఆపరేటర్ సంగతి చూడండి. ప్రమాదం వల్ల కార్మికుడు 48 గంటలు, ఆపైన పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల అధికారికి నోటీసు ఇవ్వాల్సిందే. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ, దాని స్థానంలో తెచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. మీరు ఇంకా పంపకపోతే ఈరోజే పంపండి. అతని వైద్యం, పోయిన జీతం, ఈఎస్ఐ కాగితాలు చూసుకోవాల్సిన బాధ్యత మీదే. ‘సీల్ ఇచ్చినవాడిది తప్పు’ అన్న మాట సప్లయర్‌తో పోట్లాడటానికి పనికొస్తుంది కానీ మీ కార్మికుడి దగ్గర అస్సలు చెల్లదు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మీరు నడిపింది 50 దగ్గర. అక్కడ ఒక్క నిప్పురవ్వ పడి ఉంటే మీరు నాకు రాసే ప్రశ్న వేరుగా ఉండేది.

ఇక అసలు విషయం. వైటాన్ అనేది ఒక కంపెనీ బ్రాండ్ పేరు, రబ్బరు రకం ఎఫ్‌కేఎం. నూనెలకు, పెట్రోల్‌కు, టోలీన్‌కు, చాలా ఆమ్లాలకు అది బ్రహ్మాండంగా నిలబడుతుంది. కానీ అసిటోన్, ఎంఈకే లాంటి కీటోన్ రకం సాల్వెంట్లు తగిలితే, కొన్ని ప్రత్యేక గ్రేడ్లు తప్ప, ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇథైల్ అసిటేట్, అమైన్లు, వేడి కాస్టిక్ కూడా దానికి పడవు. ఇది ఏ కంపాటిబిలిటీ చార్ట్‌లో (ఏ రబ్బరు ఏ రసాయనానికి ఆగుతుందో చెప్పే పట్టిక) చూసినా కనిపించేదే, సీల్స్ అమ్మేవాళ్లకు తెలియకుండా ఉండదు. కాబట్టి ‘అన్ని కెమికల్స్‌నీ తట్టుకుంటుంది’ అన్న ఆ ఒక్క మెసేజ్ మీద మీ కేసు చాలావరకు ఆధారపడి ఉంది.

ఎందుకో చెబుతాను. సరుకుల విక్రయ చట్టం 1930లోని సెక్షన్ 16(1) ప్రకారం కొనేవాడు తన అవసరం ఏమిటో అమ్మేవాడికి తెలియజేసి, అతని నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ పనికి తగినంతగా పనికిరావాలన్నది ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ట్రేడ్ పేరు చెప్పి ఫలానా వస్తువే కావాలని కొంటే ఈ రక్షణ ఉండదు. సప్లయర్ దీన్నే పట్టుకుంటున్నాడు, పీఓ ఒక్కటే చూస్తే అతని మాటలో బలం ఉంది. అయితే పేరు రాసినంత మాత్రాన మినహాయింపు వర్తించదు, ఆ పేరు ఎవరి సలహా మీద వచ్చిందన్నది ముఖ్యం. మన చట్టానికి మూలమైన ఇంగ్లిష్ చట్టం కింద 1925లో బాల్డ్రీ వర్సెస్ మార్షల్ కేసు వచ్చింది. టూరింగ్‌కు హాయిగా ఉండే కారు కావాలని అడిగిన ఆయనకు డీలర్లు బుగాటీ బాగుంటుందని చెప్పారు, ఆయన బుగాటీ అనే ఆర్డర్ రాసిచ్చాడు, కారు ఆ పనికి రాలేదు. బ్రాండ్ పేరు రాశాడు కదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. మీరు అసిటోన్ పేరూ వేడీ చెప్పి అడిగారు, వాళ్లు భరోసా ఇచ్చాక ఆర్డర్ ఇచ్చారు. ఆ చాట్‌ను చెరపకండి, ఫోన్ మార్చకండి. దాన్ని రుజువుగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసిస్తే సరిపోదు.

ఇంకో ప్రశ్న ఉంది. మీకు వచ్చింది నిజంగా ఎఫ్‌కేఎమేనా? వైటాన్ పేరుతో నైట్రైల్ అనే వేరే రబ్బరు అంటగట్టడం మార్కెట్లో లేని విషయం కాదు. ఎఫ్‌కేఎం సాంద్రత సాధారణంగా 1.8 పైన ఉంటుంది, నైట్రైల్‌ది 1.2, 1.3 దగ్గర ఉంటుంది, కాబట్టి చేతిలో పట్టుకుంటేనే బరువు తేడా తెలుస్తుంది. వాడని ముక్కలు అదే లాట్‌వి ఉంటే రాతపూర్వకంగా సప్లయర్‌కు తెలియజేసి, సీల్ చేసి, మంచి ల్యాబ్‌లో ఎఫ్‌టీఐఆర్ పరీక్షకు (అది ఏ రబ్బరో పరారుణ కాంతితో గుర్తించే పరీక్ష) పంపండి. వేరే రబ్బరని తేలితే సెక్షన్ 15 కింద వర్ణనకు సరిపోని సరుకు అవుతుంది, అప్పుడు బ్రాండ్ వాదన దానంతటదే పోతుంది. ఉబ్బిన గ్యాస్కెట్‌ను కూడా పారేయకండి.

కన్స్యూమర్ కోర్టు మాట వదిలేయండి. ఉత్పత్తి కోసం కొన్న సరుకు వ్యాపార అవసరం కిందికి వస్తుంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని బయటే పెట్టింది. సొంత జీవనోపాధి కోసం కొనేవాళ్లకు ఇచ్చే స్వయం ఉపాధి మినహాయింపు మీలాంటి యూనిట్‌కు దొరకదు.

ఇప్పుడు కౌన్సిల్ సంగతి. ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. మీరు ఇరవయ్యో రోజున చెప్పారు. దీనివల్ల డబ్బు ఎప్పటికి కట్టాలన్న లెక్క మీకు వ్యతిరేకంగా నడుస్తుంది, ఆలస్యానికి రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కానీ అంగీకరించినంత మాత్రాన నష్టపరిహారం హక్కు పోదని నా అభిప్రాయం, ఎందుకంటే సరుకు తీసుకున్నాక షరతు (ఒప్పందంలోని ముఖ్య నిబంధన) తప్పిందని తేలితే దాన్ని వారంటీ ఉల్లంఘనగా చూసి ధరలో తగ్గించుకోవచ్చని, పరిహారం అడగొచ్చని విక్రయ చట్టం సెక్షన్లు 13, 59 చెబుతున్నాయి. కౌన్సిల్‌లోనే కౌంటర్ క్లెయిమ్ (అతని మీద మీ ఎదురు దావా) వేయొచ్చని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో తేల్చింది, మీరు ఆ దారిలోనే వెళ్లండి. ఇంకో సంగతి కూడా కనుక్కోండి. అతను సీల్స్ తయారు చేస్తాడా, కొని అమ్ముతాడా? కేవలం ట్రేడర్ అయితే ఉద్యమ్ (ఎంఎస్ఎంఈలకు ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ ఆలస్య చెల్లింపు రక్షణ అతనికి వర్తించదని మొదటి సమాధానంలోనే అభ్యంతరం పెట్టాలి. నోటీసును మాత్రం పట్టించుకోకుండా ఉండకండి. అవార్డు, అంటే తీర్పు, మీకు వ్యతిరేకంగా వస్తే, దాన్ని సవాలు చేయాలంటేనే అందులోని మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి.

నష్టం విషయంలో మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మొదటి బ్యాచ్‌లో పోయిన సాల్వెంట్, గ్యాస్కెట్ల ధర, మార్చే ఖర్చు గట్టిగా అడగొచ్చు. రెండో బ్యాచ్ కష్టం. ఉబ్బింది కళ్లతో చూసి, బోల్టులు బిగించి మళ్లీ నడిపారు. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం ఏం చేశారన్నది కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 వివరణ ప్రకారం చూస్తారు, అక్కడ మీ దగ్గర జవాబు లేదు. దాన్ని క్లెయిమ్‌లో పెట్టినా వస్తుందని నమ్మి ప్లాన్లు వేసుకోకండి.

ఇకపై పీఓలో బ్రాండ్ పేరు కన్నా ముందు రసాయనం పేరు, గాఢత, వేడి, ఒత్తిడి, ఎన్ని గంటలు తగులుతుంది, తర్వాత దేనితో కడుగుతారు అన్నవి రాయండి. కడగడం చాలామంది మర్చిపోతారు. అసిటోన్‌కు, కాస్టిక్‌కు ఈపీడీఎం అనే రబ్బరు బాగానే సరిపోతుంది కానీ అదే రియాక్టర్లో వచ్చే నెల టోలీన్ వేస్తే అది ఉబ్బిపోతుంది. ప్రొడక్ట్ మారుతూ ఉండే చోట టెఫ్లాన్ ఎన్వలప్ గ్యాస్కెట్ (పైన టెఫ్లాన్ తొడుగు ఉన్నది) గానీ, ఖరీదు భరించగలిగితే ఎఫ్‌కేఎం కన్నా ఎక్కువ తట్టుకునే ఎఫ్‌ఎఫ్‌కేఎం రబ్బరు గానీ అడగాల్సి వస్తుంది. ఆ ఎంపిక సప్లయర్ చేసి రాతలో ఇవ్వాలి, లాట్ నంబర్‌తో, ఐఎస్ 3400 పార్ట్ 6 ప్రకారం మీ ద్రవంలో నానబెట్టిన టెస్ట్ రిపోర్ట్‌తో. ఒక షరతు కూడా పెట్టండి, ఇన్వాయిస్ వెనక అచ్చేసిన ‘బాధ్యత లేదు’ లాంటి వాక్యాలు వర్తించవని.

చివరగా ఆ నీళ్ల లైన్ గ్యాస్కెట్ల 1.1 లక్షలు ఈ వారమే కట్టేయండి. ఏ ఐటమ్స్‌కు కడుతున్నారో, మిగతా 3.5 లక్షలు ఎందుకు ఆపారో కవరింగ్ లెటర్‌లో రాయండి. గొడవ లేని డబ్బు ఆపితే దాని మీద కూడా ఆ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.