నా జబ్బు గురించి బయట చెప్పవద్దంటున్నారు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 46. రొమ్ము ఎర్రబడి వాచినా గడ్డ తగలకపోవడంతో ఇన్ఫెక్షన్ అనుకొని రెండు నెలలు మందులు వాడాను. తరువాత చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్షలో ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో కీమో, ఆపరేషన్, రేడియేషన్ పూర్తయ్యాయి. రెండు నెలలు చేజేతులా పోగొట్టుకున్నానన్న బాధ వదలడం లేదు. మా మహిళా సంఘంలో నా అనుభవం చెప్పాలని ఉంది. అమ్మాయికి సంబంధాలు చూస్తున్న సమయంలో నోరు విప్పవద్దని మా అత్తగారు, మావారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందుగా ఆ రెండు నెలల సంగతి. ఈ జబ్బులో క్యాన్సర్ కణాలు చర్మంలో లింఫ్ అనే ద్రవాన్ని తీసుకుపోయే సన్నని నాళాలకు అడ్డుపడడం వల్ల రొమ్ము వాచి, వేడెక్కి, చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడుతుంది. చూపుకు ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది కనుక వైద్యులే పొరబడుతుంటారు. అందులో మీ తప్పు లేదు. మీ సంఘంలోని స్త్రీలకు తెలియవలసినదీ ఇదే: గడ్డ లేకపోయినా, యాంటీబయాటిక్ వాడిన వారం పది రోజులకు ఎరుపు తగ్గకపోతే బయాప్సీ అవసరమేమోనని అడగాలి. పాలు గడ్డకట్టాయనుకొని కాపడం పెట్టుకుంటూ ఉండిపోయే బాలింతకు ఈ మాట చెప్పేవారు కావాలి.

మీ అత్తగారి భయాన్ని కాఠిన్యమనుకోకండి. చిన్న ఊళ్ళో పెళ్ళి మాటలు ఎంత తేలికగా తప్పిపోతాయో ఆవిడకు తెలుసు. అయితే ఎవరి పేరు చెప్పి మిమ్మల్ని ఆపుతున్నారో ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? ముందు ఆమెతో మాట్లాడండి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. మీ విషయంలో జన్యు పరీక్ష అవసరమా అన్నది మీ వైద్యులు చెబుతారు. అమ్మాయి తన ఆరోగ్యం కోసమైనా ఇది తెలుసుకొని తీరాలి. పెళ్ళివారికి దాచి, తరువాత బయటపడితే ఆమె పడే అవమానం ఎక్కువని నా అభిప్రాయం.

చెప్పేటప్పుడు జబ్బు లక్షణాలు, చికిత్స, మీ మనసు పడిన బాధ మీవి. ఇంటి అప్పులూ తగవులూ మీవారివి కూడా, వాటి జోలికి వెళ్ళకండి. మైకు ముందు కాకుండా, సమావేశం ముగిశాక నలుగురితో మొదలుపెట్టండి, ఒడియా మాట్లాడే సభ్యులనూ కూర్చోబెట్టుకోండి. ‘పూర్తిగా నయమైందా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇది మళ్ళీ వచ్చే అవకాశం ఉన్న జబ్బు కనుక ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. ‘చికిత్స పూర్తయింది, పరీక్షలకు వెళ్తున్నాను’ అంటే చాలు. ఈసారి పరీక్షకు విశాఖ వెళ్ళేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకువెళ్ళండి; మీరిద్దరూ మాట్లాడుకోవడానికి దారిలో కావలసినంత సమయం ఉంటుంది.