కళాకారులకు ప్రజాధనం ఇవ్వడం సబబేనా?

సబబే, కానీ ఆ డబ్బు ప్రదర్శనలకూ శిక్షణకూ చేరాలి, సన్మానాలతో ఆగిపోకూడదు. యంత్రాలొచ్చాక చాలా వస్తువుల తయారీ ఖర్చు తగ్గింది, కళా ప్రదర్శనకు తగ్గలేదు. తోలుబొమ్మలాటకు యాభై ఏళ్ల కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే. కూలి రేట్లు మాత్రం పెరిగాయి. టికెట్టు లేని ఊరి ఆటలో ఆ తేడాను భరించేవాళ్లు ఉండరు.

తోలుబొమ్మలు చేసే ఊరు, శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటనే తీసుకోండి. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు కనబడేంత పలచగా సాగదీసి ఆరబెడతారు. ఉలితో చిల్లులు కొట్టి రంగులద్దుతారు. ఇప్పుడు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు. కొనేవాళ్లున్నారు కాబట్టి ఆ చేతిపని నిలిచింది. రాత్రంతా రామాయణం పాడే గొంతు, తెర వెనక బొమ్మను ఆడించే నేర్పు మాత్రం ల్యాంప్‌షేడ్‌తో బతకవు. ప్రజాధనం కావలసింది అక్కడే. కేంద్ర సాంస్కృతిక శాఖ గురుశిష్య పరంపర గ్రాంటు ఇందుకు సరైన నమూనా: గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి అంతకన్నా తక్కువ. నా దృష్టిలో శిష్యుడికిచ్చేదే కీలకం. అది నెలనెలా అందకపోతే కుర్రాడు కూలికి పోతాడు, నేర్చుకోవడం సగంలో ఆగుతుంది.

పద్మశ్రీ వస్తే డబ్బూ వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. కేంద్రం ఇచ్చేది పతకం, ప్రశంసాపత్రమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో పద్మశ్రీ కళాకారులకు ప్రకటించిన నెలకు 25,000 రూపాయల పింఛను ఆ రాష్ట్రం విడిగా తీసుకున్న నిర్ణయం.