పక్కన నిలబడ్డవాణ్ని రాయి

చిరంజీవి హారికకి,

నీ స్క్రిప్ట్ అందింది. నిన్న మధ్యాహ్నం నిదానంగానే మొదలుపెట్టాను. పదిహేడో పేజీకి వచ్చేసరికి చిరాకేసి పక్కన పడేశాను. నెమ్మదస్తుడైన కుర్రాడొకడు ఖాకీ యూనిఫాం వేసుకుంటాడు, నల్లకళ్లజోడు పెట్టుకుంటాడు, అద్దంలో చూసుకుని చిన్నగా నవ్వుతాడు. కట్. తర్వాతి సీన్‌లో ఖైదీ గుండెల మీద లాఠీ. మధ్యలో ఏం జరిగిందమ్మా? యూనిఫాం గుండీలు పెట్టుకుంటే కిరాతకుడైపోతాడా?

కథని హైదరాబాద్‌కి లాక్కురాకుండా 1971 ఆగస్టులోనే, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్ నేలమాళిగలోనే ఉంచావు. అది బాగుంది. కాలేజీ కుర్రాళ్లలో కొందర్ని గార్డులుగా, కొందర్ని ఖైదీలుగా పెట్టి ఉత్తుత్తి జైలు నడిపిన ప్రయోగం జరిగింది అక్కడే కదా.

ఇక నా గొడవ చెప్తాను. ఏ మనిషీ తనంతట తానే అలా మారిపోడు. ఎవరో ఒకరు పక్కన నిలబడి, మారినా పర్లేదు అని చెప్తారు. చాలాసార్లు మర్యాదగానే చెప్తారు. నువ్వు రాయాల్సింది వాణ్ని. నీ స్క్రిప్ట్‌లో వాడు ఎక్కడా లేడు. ఆ ప్రయోగం నడిపిన ప్రొఫెసర్ ఫిలిప్ జింబార్డో కెమెరా వెనక కూర్చుని నోట్సు రాసుకునే అమాయకుడిలా ఉన్నాడు. నిజానికి ఆయన జైలు సూపరింటెండెంట్ పాత్ర కూడా తనే వేశాడు. ప్రయోగానికి ముందు రోజు గార్డులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. కొట్టొద్దన్నాడు గానీ, ఖైదీలకి విసుగు పుట్టించవచ్చు, కొంత భయం పుట్టించవచ్చు, అధికారమంతా మన చేతుల్లో ఉంటుంది, వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు అని చెప్పాడు. వార్డెన్ వేషం వేసిన స్టూడెంటయితే, మెత్తగా ఉన్న ఒక గార్డుని పక్కకి పిలిచి, నువ్వు ఇంకాస్త గట్టిగా ఉండాలి అని నచ్చజెప్పాడు. ఆ టేపు ఇప్పటికీ ఉంది. ఫ్రెంచ్ పరిశోధకుడు తిబో లె తెక్సియే స్టాన్‌ఫర్డ్‌లో దాచిన కాగితాలూ టేపులూ తిరగేసి ఇవన్నీ బయటపెట్టాడు. 2019లో ఆయన వ్యాసం వచ్చింది. మెత్తటి కుర్రాణ్ని పక్కకి పిలిచి మాట్లాడే ఆ సీన్ ముందు నీ అద్దం సీన్ ఎంత?

పైగా మొదటి పేజీలో 'యథార్థ సంఘటన ఆధారంగా' అని కార్డు వేశావు. చివర్లో రెండు శవాలు. ఆ నేలమాళిగలో ఎవరూ చనిపోలేదు. రెండు వారాలనుకున్న ప్రయోగం ఆరు రోజులకే ఆగిపోయింది. శవాలు జర్మన్ సినిమావి. 2001లో ఒలివర్ హిర్ష్‌బీగెల్ తీసిన 'దాస్ ఎక్స్‌పెరిమెంట్' నీకు బాగా నచ్చిందని రాశావు. నాకూ నచ్చింది. టాక్సీ నడుపుకునే హీరో కళ్లజోడులో కెమెరా దాచుకుని ఖైదీగా చేరడం, అక్కణ్నించి కథ బిగుసుకుంటూ పోవడం, అంతా బాగా తీశాడు. కానీ అది నవల ఆధారంగా తీసిన కల్పన. అందులోంచి ముగింపు తెచ్చుకుని యథార్థం అనే ముద్ర వెయ్యకు.

ఇంకో సంగతి విను. రాత్రి షిఫ్టులో అందరికంటే కఠినంగా ఉన్న గార్డు, తను కావాలనే ఆ పాత్ర పోషించానని తర్వాత చెప్పుకున్నాడు. 1967లో వచ్చిన 'కూల్ హ్యాండ్ ల్యూక్' సినిమాలోని జైలు అధికారిని చూసి ఆ తీరు పట్టాడట. అంటే సినిమా చూసి అతను గార్డయ్యాడు, అతన్ని చూసి సినిమాలు తీశారు, ఆ సినిమాలు చూసి నువ్వు రాశావు. ఈ వరసలో అసలు జైలు ఎక్కడుందో చూసుకో. గార్డుల్లో అంత క్రూరంగా ఉన్నవాళ్లు దాదాపు మూడో వంతే. మిగతావాళ్లలో రూలు ప్రకారం పోయినవాళ్లున్నారు, ఖైదీలకి చిన్న చిన్న సాయాలు చేసినవాళ్లున్నారు. నీ స్క్రిప్ట్‌లో వాళ్లెవరూ లేరు.

నాకెందుకింత కోపమో కూడా చెప్పాలి. కుర్రతనంలో సబ్‌జైలు వార్డరు మీద కథ రాశాను. అందులో ఒక గుమాస్తా ఉండేవాడు. మనిషి మంచివాడే, పాన్ నములుతూ వార్డరుతో "పై నుంచి అడుగుతున్నారయ్యా, కాస్త చూసుకో" అనేవాడు. అంతే, ఇంకేమీ అనడు. కథకి ప్రాణం వాడే. ఒక వారపత్రిక ఎడిటరు గారు, పేరెందుకులే, గుమాస్తా వల్ల కథ నెమ్మదిస్తోందని వాణ్ని మొత్తం ఎత్తేసి వేశారు. బొమ్మలో వార్డరుకి కోరలొక్కటే తక్కువ. వార్డరు ఎంత రాక్షసుడండీ అని పాఠకుల ఉత్తరాలు వచ్చాయి. ఆ మెచ్చుకోళ్లు నాకిప్పటికీ మింగుడుపడవు. తర్వాత సినిమా సిట్టింగులకి వెళ్తే అక్కడా అదే పాట. "ఇంటర్వెల్‌కి మనవాడు మృగం అయిపోవాలి సార్, ఒక్క షాట్‌లో." ఎందుకవుతాడు అనడిగితే టీ తెప్పించేవారు. ఇప్పుడు దానికి డార్క్ థ్రిల్లర్ అని పేరు పెట్టారు, లైటింగ్ తగ్గించారు. ఇంకేం మారింది?

నీ స్క్రిప్ట్‌లో 'తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్తారు' అని ఒక్క లైనుంది చూడు, అక్కడ ఆగిపోయాను. నీ సినిమా అంతా ఆ లైనులో ఉంది, నువ్వు దాటేసి వెళ్లిపోయావు. ములాఖత్ రోజున ఏం చేశారో తెలుసా? ఖైదీలకి గడ్డాలు గీయించారు, గదులు కడిగించారు, మంచి భోజనం పెట్టారు, పాటలు వేశారు. వచ్చిన పెద్దవాళ్లని అరగంట కూర్చోబెట్టారు. ఒక్కో ఖైదీకి ఇద్దరే, పది నిమిషాలే, గార్డు పక్కనే ఉంటాడు. వాళ్లు సణిగారు, కానీ ఒప్పుకున్నారు! వాళ్లకేమన్నా యూనిఫాం వేశారా? ఒక తల్లి, మా అబ్బాయి ఇంత నీరసంగా ఉండటం ఎప్పుడూ చూడలేదు అంది. జింబార్డో ఆవిడకి జవాబు చెప్పకుండా తండ్రి వైపు తిరిగి, మీవాడు ఈమాత్రం తట్టుకోలేడంటారా అనడిగాడు. తట్టుకోకేం, వాడు గట్టివాడు అన్నాడు తండ్రి, భార్యని తీసుకుని బయల్దేరాడు. లాఠీ లేదు, అరుపు లేదు. ఈ సీన్ సరిగ్గా రాయగలిగితే నీకు శవాలు అక్కర్లేదు.

ఖైదీల విడుదల విన్నపాలు వినే పెరోల్ బోర్డు సీన్ కూడా లేదు. రోజుకి 15 డాలర్ల కూలి వదులుకుంటారా, వెళ్లిపోనిస్తాం అంటే చాలామంది ఖైదీలు సరే అన్నారు. ఇక గదికి పొమ్మంటే లేచి గదికి పోయారు. డబ్బే వద్దనుకున్నవాడు తలుపు తీసుకుని బయటికి ఎందుకు నడవలేదో నువ్వు రాత్రంతా కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న. దానికి నా దగ్గర కూడా రెడీమేడ్ జవాబు లేదు.

సైకాలజిస్టు క్రిస్టినా మాస్లాక్‌ని ఏడిపించి వదిలేశావు. తలలకి కాగితం సంచులు తొడిగి, కాళ్లకి గొలుసు కట్టి ఖైదీలని వరసగా బాత్రూంకి తీసుకెళ్తుంటే చూసి ఆవిడ ప్రొఫెసర్‌తో పెద్ద గొడవ పెట్టుకుంది. అప్పటికే ఇద్దరూ ప్రేమలో ఉన్నారు, 1972లో పెళ్లి చేసుకున్నారు. ఆ గొడవ జరిగిన మర్నాడే ప్రయోగం ఆగింది. గొడవ రాయి, కన్నీళ్లు తగ్గించు.

వీలైతే హస్లాం, రైకర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2001లో బీబీసీ కోసం చేసిన జైలు ప్రయోగం గురించి కూడా చదువు. అక్కడ గార్డులకి ఎలా ఉండాలో ఎవరూ పాఠం చెప్పలేదు. చెప్పకపోయేసరికి వాళ్లు ఆ అధికారం చేతిలో పెట్టుకుని ఇబ్బంది పడ్డారు, చివరికి ఖైదీలే వాళ్ల ఆట కట్టించారు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

ఏ నిర్మాతని కలవాలి, స్క్రీన్‌ప్లే కోర్సు చెయ్యాలా అని ఇంకేవో అడిగావు. ముందు ములాఖత్ సీన్ రాయి. తండ్రి వైపు నుంచి రాయి, తల్లి వైపు నుంచి వద్దు. పీడీఎఫ్ పంపకు, ఫోన్‌లో చదివితే నా కళ్లు నొప్పెడుతున్నాయి. పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి పోస్టులో పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు