మార్క్‌డౌన్ ప్రివ్యూలో బొమ్మలు రాకపోతే ముందు చూడవలసింది

విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో రీడ్‌మీ ఫైలు (ప్రాజెక్టును పరిచయం చేస్తూ మార్క్‌డౌన్ అనే సులువైన గుర్తులతో రాసే ఫైలు) ప్రివ్యూ తెరిస్తే అక్షరాలన్నీ సక్రమంగా వస్తున్నాయని, బొమ్మలు ఉండవలసిన చోట మాత్రం విరిగిన గుర్తు కనిపిస్తోందని, ప్రాజెక్టులను ఉంచే గిట్‌హబ్ సైటులో అదే ఫైలు బాగానే ఉందని మీరు రాశారు. ఎడిటర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు. అవసరం లేదండి. మా బృందంలో వాడుక పత్రాల బాధ్యత నాది కాబట్టి ఈ ఫిర్యాదు తరచుగా నా దగ్గరికే వస్తుంది. ఎడిటర్ పాడై బొమ్మలు రాకపోవడం నేనింతవరకు చూడలేదు. లోపం బొమ్మ ఎక్కడుందో చెప్పే ఫైలు దారిలోనో (పాత్), అనుమతుల్లోనో, బొమ్మ ఫైలులోనో దొరుకుతుంది.

ముందుగా ఎడిటర్‌లో కమాండ్లు వెతికే పెట్టె అయిన కమాండ్ ప్యాలెట్‌లో ‘టోగుల్ డెవలపర్ టూల్స్’ ఎంచుకుని, లోపాల సందేశాలు వచ్చే కన్సోల్ చూడండి. అక్కడ ‘కంటెంట్ సెక్యూరిటీ పాలసీ’ ప్రస్తావన ఉంటే అది భద్రతా నిబంధన అడ్డుకున్న బొమ్మ. లేకపోతే దారిని అనుమానించండి.

గిట్‌హబ్‌లో వచ్చి మీ దగ్గర రావడం లేదంటే నా మొదటి అనుమానం మీరు తెరిచిన ఫోల్డర్ మీదే. మామూలు దారిని ప్రివ్యూ ఆ మార్క్‌డౌన్ ఫైలున్న ఫోల్డర్ నుంచి లెక్కిస్తుంది. దారి ‘/’ గుర్తుతో మొదలైతే మాత్రం ఎడిటర్‌లో తెరిచిన ఫోల్డర్ నుంచి లెక్కిస్తుంది. గిట్‌హబ్‌కు ఆ గుర్తు ఎప్పుడూ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్) మొదలే. మీరు నాలుగు ప్రాజెక్టులున్న పై ఫోల్డర్‌ను తెరిచారనుకోండి, అదే దారి ఇక్కడ వేరే చోటికి పోతుంది. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది: పత్రాల ఫోల్డర్ ఒక్కటే తెరిచి, బొమ్మలు దాని పక్క ఫోల్డర్‌లో ఉంటే, ‘../’ (ఒక ఫోల్డర్ పైకి అనే గుర్తు) తో దారి సరిగ్గానే రాసినా ప్రివ్యూ చూపదు. తెరిచిన ఫోల్డర్‌కు బయట ఉన్న ఫైళ్లను చదివే అనుమతి దానికి లేదు. రెండింటికీ మందు ఒకటే, రిపాజిటరీ మొదలును తెరవడం.

దారిలో వెనక్కి వాలిన గీతలుంటే ముందుకు వాలిన గీతలుగా మార్చండి. ఫైలు పేరులో ఖాళీ ఉంటే దాని బదులు %20 రాయాలి, లేదా దారి మొత్తాన్ని < > మధ్య పెట్టాలి.

పెద్ద, చిన్న అక్షరాల తేడా మరీ బాధ పెడుతుంది, ఎందుకంటే రాసినవారికి అది కనబడదు. మా బృందంలో కొత్తగా చేరిన ఒకరికి ఇన్‌స్టలేషన్ పత్రంలో కొన్ని బొమ్మలు రాలేదు, మిగతా అందరికీ వస్తున్నాయి. ఆయనది లినక్స్. ఫైలు పేరు చివర పీఎన్‌జీ అని పెద్ద అక్షరాల్లో ఉంది, పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంది. విండోస్, మ్యాక్ మామూలుగా ఈ తేడాను పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇలాంటి పేరును, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని గిట్ ఎంవీ (git mv) కమాండుతోనే మార్చండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మారిస్తే ఆ మార్పును గిట్ గుర్తించకపోవచ్చు.

దారి సరిగ్గా ఉన్నా బొమ్మ రాకపోతే ఫైలు సైజు చూడండి. వంద పైచిలుకు బైట్లే ఉంటే అది బొమ్మ కాదు, పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్, అసలు బొమ్మ బదులు ఉంచిన చిన్న టెక్స్ట్ గుర్తు. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పుల్ (git lfs pull) కమాండు ఇస్తే అసలు బొమ్మ దిగుతుంది.

ఇక భద్రత. ప్రివ్యూ మొదటి నుంచీ కఠినమైన అమరికలో ఉంటుంది, హెచ్‌టీటీపీ (గుప్తీకరణ లేని) చిరునామాల్లోని బొమ్మలను రానివ్వదు. ‘చేంజ్ ప్రివ్యూ సెక్యూరిటీ సెట్టింగ్స్’ కమాండుతో దీన్ని పూర్తిగా తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ మార్పు ఒక్క ఫైలుకు కాదు, ఆ వర్క్‌స్పేస్‌లోని (ఎడిటర్‌లో తెరిచిన ఫోల్డర్‌లోని) మార్క్‌డౌన్ ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. అప్పుడు ఎవరో రాసిన పత్రంలోని స్క్రిప్టు కూడా నడుస్తుంది. చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌కు మార్చండి, కుదరకపోతే బొమ్మను రిపాజిటరీలోనే పెట్టుకోండి. ఆ సర్వర్ రేపు మూతపడినా మీ పత్రం చదివేవారికి బొమ్మ ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే బొమ్మను పిలిచిన వరుస, మీరు తెరిచిన ఫోల్డర్, కన్సోల్‌లో వచ్చిన సందేశం ఇక్కడ పెట్టండి, చూస్తాను.