రాగిపై ఆక్సిజన్ కట్టే గొలుసులు

ప్రశ్న: లోహం ఆక్సీకరణం చెందేటప్పుడు ఆక్సిజన్ పైన అతుక్కుంటుందా, లేక లోహ పరమాణువులే చోటు మారతాయా?

జవాబు: లోహ పరమాణువులూ కదులుతాయి. రాగి స్ఫటికపు 110 తలాన్ని (పరమాణువులు సమాంతర వరుసలుగా ఉండే ఒక ముఖాన్ని) తీసుకుంటే, దానిపై వాలిన ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఉపరితలంలో పరమాణువంత ఎత్తుండే మెట్ల అంచుల నుంచి ఊడివచ్చిన రాగి పరమాణువులు ఆ ఆక్సిజన్ పరమాణువులతో ఒకటి విడిచి ఒకటిగా కలిసి, పాత వరుసలకు లంబంగా కొత్త గొలుసులు కడతాయి. 1981లో రూపొందిన, పరమాణువులను విడివిడిగా చూపగల స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు తరువాతి కాలంలో వీటిని స్పష్టంగా చూపింది. ఉపరితలం నిశ్చలమన్న మన ఊహ అక్కడే చెదిరిపోతుంది.

ఆక్సిజన్ ఇంకా చేరితే అసలైన ఆక్సైడ్, అంటే క్యూప్రస్ ఆక్సైడ్, మొలకెత్తుతుంది. రాగి జాలకపు కొలత (స్ఫటికంలో పరమాణువుల అమరిక మళ్లీ మొదలయ్యే దూరం) 0.361 నానోమీటర్లు, క్యూప్రస్ ఆక్సైడ్‌ది 0.427, ఇంత తేడా ఉండటం వల్లనే, చాలావరకు, అది చదునుగా పరుచుకోక విడివిడి దీవులుగా పెరుగుతుంది.